ట్రస్టు పేరున ఉన్న స్థలం అమ్మినప్పుడు: లాభనష్టాలూ పన్నూ, ఒక పిన్ని నోట్‌బుక్ నుంచి

మా అక్క 2019లో పోయింది. ఆటిజం ఉన్న తన కొడుకు కోసం వీలునామాలో ఒక ట్రస్టు రాసి, నన్నూ మా బావగారి తమ్ముణ్ణీ ట్రస్టీలుగా పెట్టింది. నేను లెక్కల టీచరుగా రిటైరయ్యాను. వడ్డీ లెక్కలు నాకు కష్టం కాదు. కానీ ట్రస్టు ఆస్తి అమ్మితే వచ్చే లాభం మీద పన్ను ఎవరి పేరున పడుతుంది, నష్టం వస్తే అది ఎక్కడికి పోతుంది అన్నది మాత్రం నేను కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. ఇలాంటి పిల్లలున్న ఇళ్ళలో అమ్మానాన్నల తర్వాత ఈ బాధ్యత ఏ పిన్నికో, బాబాయికో, మేనమామకో వస్తుంది. వాళ్ళకు పనికొస్తుందని నా నోట్‌బుక్‌లో ఉన్నది ఇక్కడ రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. నేను చెప్పే సెక్షన్ నంబర్లన్నీ 1961 ఆదాయపు పన్ను చట్టంలోవి. 2026 మార్చి 31 దాకా వచ్చిన ఆదాయానికి అదే వర్తిస్తుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించేది కొత్త చట్టం, అంటే ఆదాయపు పన్ను చట్టం 2025. అందులో సెక్షన్ల నంబర్లు మారాయి. ఆ తర్వాతి అమ్మకాలకు మీ ఆడిటర్ గారిని కొత్త నంబర్లు అడిగి రాసుకోండి.

ముందు దస్తావేజు చదవండి

స్థలం కొనడానికి మనిషి వచ్చాక దస్తావేజు తీయడం కాదు, అంతకన్నా ముందే తీయాలి. అందులో చూడవలసినవి మూడు.

మొదటిది, అమ్మే అధికారం. ట్రస్టీలు స్థిరాస్తి అమ్మవచ్చని స్పష్టంగా రాసి ఉందా, లేదా? లేకపోతే కోర్టుకు వెళ్ళి అనుమతి తెచ్చుకోవలసి రావచ్చు. మా అక్క వీలునామాలో "బాబు పోషణకు, వైద్యానికి, భద్రతకు అవసరమైతే ఇద్దరు ట్రస్టీలూ కలిసి అమ్మవచ్చు" అని ఉంది. అందుకే రిజిస్ట్రేషన్ రోజున ఇద్దరం వెళ్ళి సంతకాలు పెట్టాం.

రెండోది, ఎవరికెంత అన్నది. చట్టం ప్రైవేటు ట్రస్టులను రెండు రకాలుగా చూస్తుంది. ఎవరి వాటా ఎంతో దస్తావేజులోనే తేలిపోతే అది నిర్దిష్ట ట్రస్టు, ఆడిటర్లు స్పెసిఫిక్ ట్రస్ట్ అంటారు. ఎవరికి ఎంత ఇవ్వాలో ట్రస్టీల ఇష్టానికి వదిలేస్తే అది డిస్క్రిషనరీ ట్రస్ట్. పన్ను లెక్క మొత్తం ఈ ఒక్క తేడా మీదే నడుస్తుంది. మా దాంట్లో లబ్ధిదారు, అంటే ట్రస్టు మేలు అందుకునేవాడు, ఒక్కడే, వాటా నూటికి నూరు, కాబట్టి నిర్దిష్ట ట్రస్టు.

మూడోది చాలామంది చూడరు. ఏడాదేడాదీ వచ్చే వడ్డీ, అద్దె ఎవరికి? అసలు ఆస్తి, అంటే మూలధనం, చివరికి ఎవరికి? కొన్ని దస్తావేజుల్లో "ఆదాయం జీవితాంతం భార్యకు, ఆ తర్వాత ఆస్తి పిల్లలకు" అని ఉంటుంది. స్థలం అమ్మితే వచ్చే లాభం మామూలుగా మూలధనంలోనే కలుస్తుంది, చేతి ఖర్చులకు వాడే ఆదాయంలో కలవదు. మరి ఆ లాభం భార్యదా, పిల్లలదా? పిల్లల వాటాలు తేలకుండా ఉంటే లాభాన్ని డిస్క్రిషనరీ కింద లెక్క కట్టే ప్రమాదం ఉంది. మా అక్క "ఆస్తీ, దాని మీద ఆదాయమూ, అమ్మితే వచ్చే సొమ్మూ అన్నీ బాబుకే" అని రాయించింది. ఆ ఒక్క వాక్యం మాకు ఎంత మేలు చేసిందో తర్వాత తెలిసింది. మీ దాంట్లో అలాంటి వాక్యం లేకపోతే అమ్మకానికి ముందే ఆడిటర్ గారి దగ్గర కూర్చుని దీన్ని తేల్చుకోండి.

పన్ను ఎవరిది?

నిర్దిష్ట ట్రస్టులో ట్రస్టీ వేరొకరి తరఫున నిలబడే మనిషి. సెక్షన్ 161 ప్రకారం లబ్ధిదారు మీద ఏ రీతిన, ఎంత మేరకు పన్ను పడేదో, ట్రస్టీ మీదా అదే రీతిన, అంతే పడాలి. ఇద్దరు పిల్లలకు చెరి సగమైతే లాభం కూడా చెరి సగం విడిపోతుంది, ఒక్కొక్కరి లెక్క విడిగా వేయాలి.

మన హైదరాబాదుకు సంబంధించిన పాత కేసొకటి ఇక్కడ గుర్తు పెట్టుకోదగ్గది. ఏడో నిజాం 1950లో పెట్టిన కుటుంబ ట్రస్టుల్లో ఒకదాని మీద సంపద పన్ను వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1977లో తీర్పు వచ్చింది. ట్రస్టీల మీద పన్ను వేయాలంటే వాళ్ళు ఎవరి తరఫున ఆస్తి పట్టుకున్నారో ఆ లబ్ధిదారుల వాటాల ప్రకారమే వేయాలని అందులో తేల్చారు. సంపద పన్ను ఇప్పుడు లేదు కానీ, ఆ ఆలోచన ఆదాయపు పన్నులోనూ నడుస్తోంది. ఆడిటర్ గారు మొదటి రోజే నాకీ కేసు చెప్పి, "అమ్మా, స్థలం అమ్మేది మీరు, లాభం వచ్చింది బాబుకు. ఆ రెండూ కలపకండి" అన్నారు.

డిస్క్రిషనరీ ట్రస్టు సంగతి వేరు. దాని మామూలు ఆదాయం మీద, ఉదాహరణకు డిపాజిట్ వడ్డీ మీద, సెక్షన్ 164 ప్రకారం గరిష్ఠ రేటు పడుతుంది. చిన్న వడ్డీ అయినా 30 శాతం శ్లాబే. క్యాపిటల్ గెయిన్స్‌కు, అంటే ఆస్తి అమ్మిన లాభానికి, మాత్రం చట్టంలో ఉన్న ప్రత్యేక రేట్లే వర్తిస్తాయని హైకోర్టులు చెప్పాయి. సర్‌చార్జి (పన్ను మీద వేసే అదనపు పన్ను) కూడా పైస్థాయి రేటున కాక ఆదాయం శ్లాబును బట్టే వేయాలని ముంబయి ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ ప్రత్యేక బెంచి 2025 ఏప్రిల్‌లో తీర్పిచ్చింది. వీలునామా ద్వారా పెట్టిన ట్రస్టుకు, ఆ మనిషి అలా పెట్టింది అదొక్కటే అయితే, డిస్క్రిషనరీ అయినా గరిష్ఠ రేటు నుంచి మినహాయింపు ఉంది. మీ ఇంట్లో వీలునామా ట్రస్టు ఉంటే ఈ మాట అడగడం మరవకండి.

అమ్మానాన్నలు బతికుండగానే పెట్టిన ట్రస్టుల్లో ఇంకో ప్రశ్న వస్తుంది: దాన్ని రద్దు చేసుకునే హక్కు వాళ్ళు ఉంచుకున్నారా? ఉంచుకుంటే లాభం మీద పన్ను వాళ్ళ పేరునే పడుతుంది (సెక్షన్లు 61 నుంచి 63). రద్దు చేయలేని ట్రస్టుకు ఆస్తి రాసిచ్చినప్పుడు, రాసిచ్చినది ఒక వ్యక్తి అయితే, అది అమ్మకం కింద లెక్కకు రాదు. అంటే ఆ రోజు లాభం పన్ను ఉండదు. అది తర్వాత, ట్రస్టు నిజంగా అమ్మిన రోజున వస్తుంది.

కొన్న ధర ఎవరిది?

ట్రస్టు ఆ స్థలాన్ని డబ్బు పెట్టి కొనలేదు. మరి లాభం ఎలా కట్టాలి? వారసత్వంగానో, వీలునామాతోనో, ట్రస్టు ద్వారానో వచ్చిన ఆస్తికి, దాన్ని చివరిసారి డబ్బిచ్చి కొన్న మనిషి ధరే మన ధర (సెక్షన్ 49). ఆయన ఎప్పటి నుంచి పట్టుకున్నారో ఆ కాలం కూడా మన ఖాతాలోకే వస్తుంది. స్థలం, ఇల్లు 24 నెలలు దాటితే లాంగ్ టర్మ్, లేకపోతే షార్ట్ టర్మ్. లిస్టయిన షేర్లు, ఈక్విటీ ఫండ్లు 12 నెలలు దాటితే లాంగ్ టర్మ్.

గుంటూరులోని మా బాబు స్థలం 300 గజాలు. మా బావగారు 1994లో గజం 150 చొప్పున 45,000కు కొన్నారు. ఆయన తర్వాత అక్కకు, అక్క తర్వాత ట్రస్టుకు వచ్చింది. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న ఆస్తికి, ఆ రోజున ఉన్న మార్కెట్ ధరను కొన్న ధరగా తీసుకోవచ్చు. మేం ముందుగా ఒక రిజిస్టర్డ్ వాల్యుయర్ దగ్గర రిపోర్టు తీసుకుంటే ఆయన గజం 1,400 అని రాశారు. నాకు సంతోషమేసింది. ఆడిటర్ గారు ఆ సంతోషాన్ని ఆపారు. భూమికీ ఇంటికీ ఈ 2001 ధర, ఆనాటి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ విలువను మించకూడదు. కాబట్టి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్ళి 2001 నాటి మార్కెట్ విలువ పత్రం తెచ్చుకున్నాం. అందులో గజం 900. అంటే 2,70,000. మీరు కూడా వాల్యుయర్‌కు ఫీజు కట్టకముందే ఆ పత్రం తెచ్చుకోండి.

మా లెక్క ఇలా వచ్చింది

2024 అక్టోబర్‌లో గజం 22,000 చొప్పున 66 లక్షలకు అమ్మాం. ప్రభుత్వ విలువ అంతకన్నా తక్కువే కాబట్టి సెక్షన్ 50సీ బెడద లేదు. ప్రభుత్వ విలువ మీ అమ్మకం ధర కన్నా 10 శాతానికి మించి ఎక్కువుంటే, ఆ ప్రభుత్వ విలువనే అమ్మకం ధరగా తీసుకుంటారు, అది చూసుకోండి. బ్రోకర్ కమిషన్ 66,000 బ్యాంకు ద్వారానే ఇచ్చి రసీదు తీసుకున్నాం. ఆ రసీదు లేకపోతే ఆ ఖర్చును లెక్కలో చూపలేం.

66,00,000 నుంచి 66,000 తీస్తే 65,34,000. అందులోంచి 2,70,000 తీస్తే లాభం 62,64,000.

2024 జూలై 23 నుంచి లాంగ్ టర్మ్ లాభానికి 12.5 శాతం రేటు, ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలను బట్టి కొన్న ధరను పెంచి చూపడం) లేదు. ఆ తేదీకి ముందు కొన్న భూమికి, ఇంటికి రెసిడెంట్ (దేశంలో నివసించే) వ్యక్తులూ హిందూ అవిభక్త కుటుంబాలూ పాత పద్ధతిలో, అంటే ఇండెక్సేషన్‌తో 20 శాతం లెక్క వేసి, ఏది తక్కువైతే అది కట్టవచ్చు. మా ట్రస్టుకు అది వర్తిస్తుందా లేదా అన్న వాదనలోకి వెళ్ళే ముందు రెండూ వేసి చూశాను. 2001-02కు 100గా మొదలైన ధరల సూచీ 2024-25కు 363, కాబట్టి 2,70,000 కాస్తా 9,80,100 అయింది. లాభం 55,53,900, దానిపై 20 శాతం 11,10,780. కొత్త పద్ధతిలో 62,64,000 మీద 12.5 శాతం 7,83,000. కొత్తదే మూడు లక్షలకు పైగా తక్కువ. 2001 ధర తక్కువగా ఉండి ఇప్పటి ధర బాగా పెరిగిన చోట్ల ఇలాగే వస్తుంది. వాదన అవసరమే లేకపోయింది. మీరూ ముందు రెండు లెక్కలూ వేసుకోండి.

ఇక 54ఈసీ బాండ్లు. భూమి లేదా ఇల్లు అమ్మిన లాంగ్ టర్మ్ లాభాన్ని ఆరు నెలల లోపు ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ, ఐఆర్‌ఎఫ్‌సీ లాంటి ప్రభుత్వ రంగ సంస్థల బాండ్లలో పెడితే, 50 లక్షల వరకు మినహాయింపు ఉంటుంది. ఈ సెక్షన్ వ్యక్తులకే కాదు, ఎవరికైనా వర్తిస్తుంది కాబట్టి ట్రస్టు పేరుతోనే కొనవచ్చు. అయిదేళ్ళు తీయకూడదు, తాకట్టు పెట్టి అప్పు తేకూడదు. మేం పెట్టినప్పుడు వడ్డీ 5.25 శాతం, ఆ వడ్డీ మీద పన్ను ఉంటుంది. బాబు నెలవారీ ఖర్చు, థెరపీ ఖర్చు డిపాజిట్ వడ్డీతో గడుస్తున్నాయి కాబట్టి అయిదేళ్ళు ఆగగలం అని ఇద్దరం కూర్చుని నిర్ణయించుకున్నాం. డిసెంబర్‌లో 50 లక్షలు పెట్టాం. రోజువారీ ఖర్చుకు ఆ డబ్బే ఆధారమైతే పన్ను కట్టేసి డబ్బు చేతిలో ఉంచుకోవడమే మంచిదని నా అభిప్రాయం. పిల్లవాడి మందులు అయిదేళ్ళు ఆగవు కదా.

బాండ్ల వల్ల ఇంకో లాభం ఉంది. ఆదాయం 50 లక్షలు దాటితే పన్ను మీద 10 శాతం సర్‌చార్జి పడుతుంది. మినహాయింపు తీసేశాక మా లాభం 12,64,000కు దిగింది కాబట్టి ఆ సర్‌చార్జి కూడా తప్పింది.

ఆ డబ్బుతో బాబుకు ఫ్లాట్ కొనాలన్న ఆలోచన కూడా చేశాం. స్థలం అమ్మి ఇల్లు కొంటే 54ఎఫ్ మినహాయింపు ఉంది, కానీ అది వ్యక్తులకూ, హిందూ అవిభక్త కుటుంబాలకూ మాత్రమే. నిర్దిష్ట ట్రస్టులో ట్రస్టీ లబ్ధిదారు స్థానంలోనే ఉంటాడు కాబట్టి, ఇల్లు అమ్మి ఇల్లు కొన్న సెక్షన్ 54 మినహాయింపు ట్రస్టీకి కూడా దక్కుతుందని బాంబే హైకోర్టు ఒక కేసులో చెప్పింది. ఆ దారిలో వెళ్ళాలనుకుంటే ఆడిటర్ గారితో ముందే రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి. మా బాబు కొత్త ఇంటికి మారితే నెలల తరబడి నిద్రపోడు. మేం ఆ ఆలోచన మానుకున్నాం.

అమరావతి ప్రాంతంలో భూమి ఉన్నవాళ్ళకు ఒక మాట. రాజధాని ల్యాండ్ పూలింగ్‌లో వచ్చిన లాభానికి 10(37ఏ) మినహాయింపు 2014 జూన్ 2 నాటికి ఆ భూమి ఉన్న వ్యక్తులకూ, హిందూ అవిభక్త కుటుంబాలకూ ఇచ్చారు. చట్టంలో ట్రస్టు అన్న మాట లేదు. ఆ భూమి తర్వాత ట్రస్టుకు వచ్చి ఉంటే, తనంతట తానే ఆ మినహాయింపు వస్తుందని అనుకోకండి.

నష్టాల సంగతి

నాకు బాగా బాధ కలిగించిన భాగం ఇది. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను.

నియమాలు చిన్నవే. షార్ట్ టర్మ్ నష్టాన్ని షార్ట్ టర్మ్ లాభంలోనూ, లాంగ్ టర్మ్ లాభంలోనూ తీసుకోవచ్చు. లాంగ్ టర్మ్ నష్టం లాంగ్ టర్మ్ లాభంలో మాత్రమే. క్యాపిటల్ నష్టాన్ని వడ్డీలో కానీ, అద్దెలో కానీ, జీతంలో కానీ తీసుకోవడానికి వీల్లేదు. మిగిలిన నష్టాన్ని తర్వాతి ఎనిమిది అసెస్‌మెంట్ సంవత్సరాల (పన్ను లెక్క తేల్చే ఏడాదుల) వరకు తీసుకుపోవచ్చు. అయితే నష్టం వచ్చిన ఏడాది రిటర్న్ గడువులోపు వేసి ఉండాలి. ఒక్క రోజు ఆలస్యమైనా ముందుకు తీసుకుపోయే హక్కు పోతుంది. ఆలస్యపు రుసుము కట్టి రిటర్న్ వేయవచ్చు కానీ, నష్టం మాత్రం వెనక్కి రాదు.

అక్క వదిలివెళ్ళిన షేర్లలో కొన్నింటిని 2020 మే నెలలో, కరోనా భయంలో, అమ్మేశాం. 1,80,000 లాంగ్ టర్మ్ నష్టం వచ్చింది. ఆ ఏడాది రిటర్న్ గడువును 2021 డిసెంబర్ 31 దాకా పొడిగించారు. అప్పట్లో మా పని చూస్తున్న ఒకాయన "లాభం లేదు, వడ్డీకి టీడీఎస్ (డబ్బిచ్చేవాళ్ళే ముందుగా పట్టుకునే పన్ను) పోయింది, తొందరేం లేదు" అన్నారు. నేను కూడా నష్టమే కదా, పన్నేముంది అనుకున్నాను. 2022 ఫిబ్రవరిలో వేశాం. అప్పటికి నష్టం చేజారిపోయింది. 2024లో స్థలం అమ్మినప్పుడు ఆ 1,80,000 చేతిలో ఉండి ఉంటే 22,500 పన్ను, దాని మీద 4 శాతం సెస్సు 900, కలిపి 23,400 మిగిలేది. అది బాబుకు రెండు నెలల థెరపీ డబ్బు. నా డబ్బు పోతే ఇంత బాధపడేదాన్ని కాదు.

అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. నష్టం వచ్చిన ఏడాది రిటర్న్‌ను లాభం వచ్చిన ఏడాది రిటర్న్ కన్నా ఇంకా తొందరగా వేస్తాను. 2023-24లో ఒక ఫండ్‌లో 96,000 షార్ట్ టర్మ్ నష్టం వచ్చింది. గడువుకు పది రోజుల ముందే రిటర్న్ వేశాం. ఆ 96,000 మరుసటి ఏడాది స్థలం లాభంలోంచి తీసేశాం. 12,64,000 నుంచి 96,000 తీస్తే 11,68,000. దానిపై 12.5 శాతం 1,46,000, సెస్సు 5,840, మొత్తం 1,51,840. డిపాజిట్ వడ్డీ మీద పన్ను వేరు.

నష్టం విషయంలో ట్రస్టులకు మాత్రమే ఉన్న చిక్కు ఒకటుంది. నిర్దిష్ట ట్రస్టులో పన్ను అధికారి ట్రస్టీ పేరున అసెస్‌మెంట్ చేయవచ్చు, లేదా సెక్షన్ 166 ప్రకారం నేరుగా లబ్ధిదారు పేరునైనా చేయవచ్చు. ఒకే ఆదాయం మీద రెండుసార్లు మాత్రం వేయకూడదు. అందువల్ల కొందరు ఒక ఏడాది ట్రస్టు పాన్ మీద, ఇంకో ఏడాది పిల్లవాడి పాన్ మీద రిటర్న్ వేస్తుంటారు. అలా మారిస్తే ఒక రిటర్న్‌లో నమోదైన నష్టాన్ని ఇంకో రిటర్న్‌లోని లాభంలో తీసుకోవడానికి కంప్యూటర్ ఒప్పుకోదు, ప్రశ్నలు మొదలవుతాయి. మొదటి ఏడాది ఏ దారి ఎంచుకున్నారో అదే దారిలో వెళ్ళండి. మేం ట్రస్టు పాన్ మీదే ఐటీఆర్-5 అనే రిటర్న్ ఫారం వేస్తున్నాం. డిస్క్రిషనరీ ట్రస్టులో ఈ ప్రశ్నే రాదు. నష్టం ట్రస్టులోనే ఉండిపోతుంది, పిల్లలు దాన్ని తమ రిటర్న్‌లో వాడుకోలేరు.

మూల మినహాయింపు, అంటే పన్ను పడని తొలి ఆదాయ పరిమితి, గురించి కూడా అడుగుతుంటారు. రెసిడెంట్ వ్యక్తికి మిగతా ఆదాయం మినహాయింపు పరిమితి కన్నా తక్కువుంటే, ఆ మిగిలిన పరిమితిని లాంగ్ టర్మ్ లాభంలోంచి తీసుకోవచ్చు. 2024-25లో కొత్త పన్ను విధానంలో ఆ పరిమితి 3 లక్షలు. మా బాబు డిపాజిట్ వడ్డీయే 3,40,000 కాబట్టి మాకేమీ మిగల్లేదు. వడ్డీ 2 లక్షలే ఉండి ఉంటే ఇంకో లక్ష లాభం పన్ను లేకుండా పోయేది. వికలాంగులకు పాత విధానంలో ఉండే 80యూ తగ్గింపును మాత్రం లాంగ్ టర్మ్ లాభంలోంచి తీసుకోలేం. చాలామంది తల్లిదండ్రులు దాని మీద ఆశ పెట్టుకుంటారు.

షేర్లు, ఈక్విటీ ఫండ్ల లాంగ్ టర్మ్ లాభంలో ఏడాదికి 1,25,000 వరకు పన్ను లేదు, ఆ పైన 12.5 శాతం. ఏడాది లోపు అమ్మితే 20 శాతం. మేం ప్రతి మార్చిలో ఆ 1,25,000 లోపు లాభం వచ్చేంత మాత్రమే ఫండ్ యూనిట్లు అమ్మి, ఆ డబ్బును బాబు డిపాజిట్లలో కలుపుతున్నాం.

టీడీఎస్ దగ్గర జరిగిన పొరపాటు

50 లక్షలు, ఆ పైన ధర ఉన్న స్థిరాస్తి కొనేవాళ్ళు 1 శాతం టీడీఎస్ పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. మా స్థలం కొన్నాయన 26క్యూబీ ఫారంతో 66,000 కట్టారు. కానీ అమ్మిన దస్తావేజులో నా పేరు చూసి, నా సొంత పాన్ వేశారు. నా 26ఏఎస్‌లో (నా పాన్ మీద జమైన పన్నుల పట్టికలో) ఆ స్థలం అమ్మకం కనిపించేసరికి గుండె ఆగినంత పనయింది. నేను సొంతంగా 66 లక్షల ఆస్తి అమ్మినట్టు కనిపిస్తోంది, ట్రస్టుకేమో క్రెడిట్ లేదు. ఆయన్నే బతిమాలి ట్రేసెస్ అనే టీడీఎస్ వెబ్‌సైట్‌లో సవరణ పెట్టించాం. అది తెమలడానికి దాదాపు నెలన్నర పట్టింది. ఇప్పుడు ఎవరు అడిగినా చెప్పే మొదటి మాట ఇదే: ట్రస్టు పాన్ నాలుగో అక్షరం 'టి' ఉంటుంది. అమ్మకం ఒప్పందంలోనే "టీడీఎస్ ఈ పాన్ మీద మాత్రమే కట్టాలి" అని ఆ పాన్‌ను రాయించండి. డబ్బు కూడా ట్రస్టు ఖాతాలోకే రావాలి, ఒక్క రోజుకైనా మీ ఖాతాలోకి రానివ్వకండి.

అడ్వాన్స్ టాక్స్, అంటే ఏడాది ముగియకముందే వాయిదాల్లో కట్టే పన్ను, కూడా మరవకండి. అమ్మకం అక్టోబర్‌లో కాబట్టి డిసెంబర్ 15, మార్చి 15 వాయిదాల్లో కట్టాలి. అమ్మకానికి ముందు పోయిన వాయిదాలకు వడ్డీ వేయరు. మేం 1,51,840 నుంచి 66,000 తీసేసి మిగిలిన 85,840తో పాటు, వడ్డీ మీద పడే పన్ను కూడా మార్చిలోపే కట్టేశాం. ఈ పన్ను బాబు నెలవారీ ఖర్చుల ఖాతాలోంచి కట్టకూడదు. లాభం మూలధనానిది కాబట్టి దాని పన్ను కూడా మూలధనం ఖాతాలోంచే పోవాలి. నా నోట్‌బుక్‌లో ఆ రెండు ఖాతాలకూ వేర్వేరు పేజీలున్నాయి.

గుడి, కళ్యాణ మండపం, ధర్మ ట్రస్టులు

మా వీధిలోని ఒక ధర్మ ట్రస్టు పెద్దలు నా లెక్కలు చూసి "మాకూ ఇంతేనా" అని అడిగారు. కాదు. రిజిస్ట్రేషన్ ఉన్న ధర్మ ట్రస్టులకు సెక్షన్ 11(1ఏ) ఉంది. అమ్మిన సొమ్ములో ఖర్చులు పోగా మిగిలినదంతా మరో మూలధన ఆస్తిలో పెడితే, లాభమంతా ధర్మానికి ఖర్చు చేసినట్టే లెక్క. ఉదాహరణకు 5 లక్షలకు కొన్న స్థలం 40 లక్షలకు అమ్మి, 40 లక్షలూ మళ్ళీ పెడితే 35 లక్షల లాభానికీ పన్ను లేదు. 30 లక్షలే పెడితే, అందులోంచి కొన్న ధర 5 లక్షలు తీసేసి, 25 లక్షల లాభం మాత్రమే ఖర్చు చేసినట్టు. మిగిలిన 10 లక్షల లాభాన్ని మామూలు నియమాల ప్రకారం ధర్మ కార్యాలకు ఖర్చు పెట్టి చూపాలి. బ్యాంకులో ఆరు నెలలు, ఆ పైన ఉండే ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను కూడా ఇలాంటి ఆస్తిగా ఒప్పుకుంటామని ప్రత్యక్ష పన్నుల బోర్డు 1975లోనే సూచన ఇచ్చింది. వాళ్ళు వేయవలసింది ఐటీఆర్-7.

నా తర్వాత వచ్చే ట్రస్టీ కోసం

నాకు 67 ఏళ్ళు. నా తర్వాత ఎవరు చూసినా అర్థం కావాలని బాబు ఫైలు మొదటి పేజీలో ఒక పట్టిక అతికించాను: 1994 నాటి దస్తావేజు నకలు ఎక్కడుంది, 2001 విలువ పత్రం నంబరు, ఏ ఏడాది ఎంత నష్టం, ఏ రోజున రిటర్న్ వేశాం, ఎంత వాడుకున్నాం, ఎంత మిగిలింది. ప్రతి రిటర్న్ వేశాక దాని రసీదు వెనకాల పెడతాను. ఈ ఏడాదికి నష్టాల గడిలో సున్నా ఉంది. దాని కింద ఎర్ర ఇంకుతో రాసిన లైను ఒకటే: బాండ్లు 2029 డిసెంబర్‌లో తీరతాయి, అప్పటికి బాబుకు 37 ఏళ్ళు.